కారు మొత్తం విప్పి కట్టే పనులు ఇక తీసుకోవడం లేదు, ఎందుకో చెబుతాను

అందరికీ నమస్కారం.

ముందు అసలు విషయం. ఈ నెల నుంచి డాలస్‌లోని మన పాత జపాన్ కార్ల గ్యారేజీలో కారు మొత్తం విప్పి, బాడీ అంతా గీకి, మళ్లీ కొత్తదానిలా కట్టే పనులు తీసుకోవడం లేదు. ఇప్పటికే ఒప్పుకున్న కార్లను అనుకున్న రేటుకే పూర్తి చేసి ఇస్తాం. వెయిటింగ్ లిస్టులో ఉండి అడ్వాన్స్ కట్టినవాళ్లకు పైసా తగ్గకుండా వెనక్కి పంపిస్తున్నాం. ఇకమీదట తిరిగే కారు ఆగకుండా చూసుకుంటాం, ఆగిపోయిన కారును మళ్లీ రోడ్డెక్కిస్తాం. అంతవరకే.

ఈ నిర్ణయం వెనక డబ్బు లెక్కలు కూడా ఉన్నాయి, దాచేది ఏముంది. అలా విప్పిన కారు ఒక లిఫ్ట్‌ను ఏడాదికి పైగా పట్టుకుని కూర్చుంటుంది. పెయింటు బయట ఇవ్వాలి, క్రోమ్ పని బయట ఇవ్వాలి. అక్కడ ఆలస్యమైతే, బ్రేకుల కోసమో క్లచ్ కోసమో వచ్చిన మరో నలుగురి కార్లు ఇక్కడ డాలస్ ఎండలో నిలబడాలి. అయితే ఒక్క డబ్బే అయితే రేటు పెంచి ఊరుకునేవాడిని. నన్ను ఎక్కువగా కలవరపెట్టింది మీ సరదా చల్లారిపోవడం.

మీలో చాలామంది వారమంతా కంప్యూటర్ ముందు కూర్చుని, శని ఆదివారాల్లో చేతికి గ్రీజు అంటితే గానీ మనసు కుదుటపడని వాళ్లు. కారు ఇక్కడ వదిలిన కొత్తలో ప్రతి శనివారం వచ్చి చూసుకుంటారు, ఫోటోలు తీసుకుంటారు. తర్వాత నెలకోసారి. ఆ తర్వాత ఫోన్. ఇంతలో ఇల్లు కొంటారు, పిల్లల కాలేజీ మొదలవుతుంది, అప్పుడు వినిపించే మాట ఒకటుంది: "అన్నా, ఉన్నది ఉన్నట్టు అమ్మేద్దామా?" విప్పేసిన కారుకు ధర రాదు. ఏ నట్టు ఎక్కడిదో తెలియని సంచులు, పేరు రాయని డబ్బాలు చూసి కొనేవాడు సగానికి సగం తగ్గించి అడుగుతాడు. ఎంతో ఇష్టపడి కొనుక్కున్న కారును పట్టుమని పది రోజులు నడపకుండానే అమ్ముకున్నవాళ్లను చూశాను. ఇంకొకరిని ఆ దారిలోకి పంపడం నాకిష్టం లేదు.

నేను పని నేర్చుకున్నది విజయవాడ ఆటోనగర్‌లో. అక్కడ లారీ షెడ్డుకు వచ్చిందంటే దాని ఓనరు పక్కనే కూర్చునేవాడు, ఎందుకంటే బండి ఆగితే ఇంట్లో పొయ్యి ఆగుతుంది. ఏది విప్పాలో దాన్నే విప్పేవాళ్లం, మిగతాదాని జోలికి వెళ్లేవాళ్లం కాదు. మీ 240జెడ్ లాంటి పాత స్పోర్ట్స్ కారు మీద ఎవరి ఇల్లూ ఆధారపడి లేకపోవచ్చు. కానీ బండి అన్నది రోడ్డు మీద ఉండాలన్న నమ్మకం నాకు అక్కడే ఏర్పడింది, ఇన్నేళ్లయినా మారలేదు.

ఆ 240జెడ్ సంగతే తీసుకోండి. 1969 చివర్లో జపాన్‌లో నిస్సాన్ ఫెయిర్‌లేడీ జెడ్‌గా విడుదలై, ఇక్కడికి డాట్సన్ 240జెడ్‌గా వచ్చింది. అప్పుడు ధర 3,526 డాలర్లు. అమెరికాలో నిస్సాన్‌ను నడిపించిన యుటాకా కటయామా కోరుకున్నది మామూలు జీతగాడు కొనుక్కుని, రోజూ ఆఫీసుకు నడుపుకుని వెళ్లగలిగే స్పోర్ట్స్ కారు. అద్దాల గదిలో పెట్టుకోవడానికి తయారైన కారు కాదది. లోపల ఉన్నది 2,393 సీసీ ఇంజిన్, వరసగా ఆరు సిలిండర్లు, ఇనుప బ్లాకు, పైన అల్యూమినియం హెడ్, బెల్టు బదులు టైమింగ్ చైను. ఆయిలు, కూలెంటు సరిగా చూసుకుంటే ఈ ఇంజిన్ సిలిండర్లు అరిగి అంత త్వరగా బోరుకు రాదు. అందుకే "ఇంజిన్ దించి మొత్తం చేసేయండి" అని ఎవరైనా అంటే, ముందు కంప్రెషన్, అంటే సిలిండర్లలో పుట్టే ఒత్తిడి, చూద్దామంటాను. చాలాసార్లు అన్ని సిలిండర్లూ బాగానే ఉంటాయి.

జెడ్‌కు అసలు శత్రువు తుప్పు. కొనే ముందు కారు తెచ్చి చూపించమని నేను పట్టుబట్టేది దీనికోసమే. బానెట్ ఎత్తగానే నేను ముందు చూసేది బ్యాటరీ కింద ఉన్న రేకు. ఏళ్ల తరబడి కారిన యాసిడ్ ఆ రేకును తినేసి, కింద కారు బరువు మోసే పొడవాటి ఇనుప కమ్మీ, అంటే ఫ్రేమ్ రెయిల్ దాకా వెళ్తుంది. పైన నల్ల పెయింటు కొట్టి ఉంటే కంటికి ఏమీ తెలియదు. స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా కొట్టుకుంటూ వెళ్తాను. మంచి రేకు ఖంగుమంటుంది, తుప్పు పట్టింది మొద్దుగా మోగుతుంది. అక్కడ కాస్త నొక్కితే పొరలు పొరలుగా ఊడి వస్తుంది. తర్వాత ముందు అద్దం కింద ఉన్న జాలీ. అందులో ఎండుటాకులు చేరి నీళ్లు పోయే దారి మూసుకుపోతే, ఆ నీరంతా ముందు ఫెండర్ వెనక, తలుపు కిందుగా దిగి లోపలినుంచి తింటుంది. ఆ తర్వాత ఫ్లోరు, దాని కింద ఉన్న ఫ్రేమ్ రెయిల్స్, వెనక చక్రాల పైన ఉన్న వంపులు, డిక్కీ తలుపు అంచు. మెరిసిపోయే పెయింటు మీద అయస్కాంతం పెడితే అంటుకోకుండా జారిపోయిన చోట రేకు బదులు పుట్టీ ఉందన్నమాట.

అలాంటి తుప్పును ఆ మేరకు కోసి, కొత్త రేకు వెల్డింగ్ చేసే పని మేం మానడం లేదు. ఒక్కో చోటు ఒక్కో విడతగా చేస్తాం, మధ్యలో మీరు కారు నడుపుకుంటూనే ఉండొచ్చు. పెయింటు పక్కపక్కన పెట్టి చూస్తే కాస్త తేడా కనిపించవచ్చు. నా దృష్టిలో అది నష్టం కాదు. యాభై ఏళ్ల కారుకు యాభై ఏళ్ల చర్మం ఉంటే అందంగానే ఉంటుంది.

ఇంట్లో మీరే చేసుకోగల పనులు చాలా ఉన్నాయి. ఇకమీదట శనివారం ఉదయాలు వాటికే కేటాయిస్తున్నాం. ఒక లిఫ్ట్, సామాన్లు మావి, పని మీది, పక్కన నేనుంటాను. 240జెడ్ కార్బురేటర్లతో మొదలుపెడదాం. 1970 నుంచి 1972 దాకా వచ్చిన కార్లలో ఎస్‌యూ తరహా హిటాచీ కార్బురేటర్లు రెండు ఉంటాయి. పైన డ్యాంపర్ తీసి, లోపలి పిస్టన్‌ను వేలితో ఎత్తి వదిలితే అది ఎక్కడా పట్టకుండా టక్కున కిందపడాలి. నెమ్మదిగా జారిందంటే లోపల మురికి ఉందని, మధ్యలో ఆగిందంటే నీడిల్ జెట్‌కు రాసుకుంటోందని అర్థం. ఆ శబ్దం ఒకసారి విన్నారంటే ఇక మర్చిపోరు.

ఒక్క జాగ్రత్త. ఆ కార్బురేటర్ల మీద ఉండే ప్లస్ గుర్తు స్క్రూలు జపాన్ ప్రమాణం ప్రకారం చేసినవి. హార్డ్‌వేర్ షాపులో దొరికే ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ వాటిలో పూర్తిగా కూర్చోదు. బలంగా తిప్పితే పైకి జారి తల నలిగిపోతుంది, ఇక ఆ స్క్రూను డ్రిల్ పెట్టి తీయాల్సిందే. జేఐఎస్ అని అడిగి ఒక సెట్ కొనుక్కోండి, పెద్ద ఖరీదు కాదు. హోండా, యమహా పాత బైకులున్నవాళ్లకు కూడా పనికొస్తుంది.

జెడ్‌లో కూర్చుంటే పొగ వాసన వస్తోందని ఈమధ్య ఇద్దరు ముగ్గురు అడిగారు. సైలెన్సర్ బాగానే ఉన్నా ఇది వస్తుంది. కారు వేగంగా వెళ్తున్నప్పుడు వెనక పొగ సుడి తిరిగి, డిక్కీ రబ్బరు, టెయిల్ ల్యాంపుల ప్యాకింగులు ఎండిపోయిన సందుల్లోంచి లోపలికి వస్తుంది. ఆ రబ్బర్లు మార్చండి చాలు. పిల్లల్ని ఎక్కించుకునేవాళ్లు దీన్ని అస్సలు వాయిదా వేయొద్దు.

మన కస్టమర్లలో ఎక్కువమంది దగ్గర ఉన్నది మియాటా, టాపు తెరుచుకునే రెండు సీట్ల చిన్న కారు. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో మాజ్దా దీన్ని చూపించింది. మొదటిసారి పాత కారు కొనేవాళ్లకు నేను ఇప్పటికీ దీన్నే చెబుతాను. పార్టులు దొరుకుతాయి, ఇంజిన్ సులువు, 1.6 లీటర్ల ఇంజిన్‌లో టైమింగ్ బెల్టు తెగినా వాల్వులు వంగవు. అలాగని బెల్టును నిర్లక్ష్యం చేయొద్దు, 60,000 మైళ్లకు మార్చాల్సిందే. బెల్టు మార్చేటప్పుడు 1990, 91 మోడళ్లలో క్రాంక్ (ఇంజిన్‌లో తిరిగే ప్రధాన ఇరుసు) ముందు భాగం పొట్టిగా ఉన్న రకమా కాదా చూస్తాం. ఆ రకంలో పుల్లీ బోల్టు వదులైతే క్రాంకే పాడవుతుంది. ఇక సీట్ల వెనక, టాప్ మీద పడ్డ నీళ్లు కిందికి పోయే రెండు రంధ్రాలు ఉంటాయి. ఆకులతో అవి మూసుకుపోతే తలుపుల కింద ఉన్న సిల్స్ లోపలినుంచి కుళ్లిపోతాయి. మెత్తటి ప్లాస్టిక్ ట్యూబు పెట్టి ఏడాదికి రెండుసార్లు శుభ్రం చేసుకోండి. ఇనుప తీగ పెట్టారంటే డ్రెయిన్ చిరిగిపోతుంది.

పార్టుల విషయంలో ఒక మంచి వార్త, ఒక చెడ్డ వార్త. జపాన్ కంపెనీలు తమ పాత కార్లను ఇప్పుడు పట్టించుకుంటున్నాయి. నిస్సాన్ 2017లో తన పాత స్పోర్ట్స్ కారు ఆర్32 జీటీ-ఆర్ పార్టులను మళ్లీ తయారుచేయడం మొదలుపెట్టింది. టొయోటా 2020 నుంచి ఏ70, ఏ80 మోడళ్ల సుప్రా స్పోర్ట్స్ కార్లకు పార్టులు ఇస్తోంది. మాజ్దా అయితే మొదటి తరం మియాటాకు టాపు, నార్డీ కంపెనీ స్టీరింగు, బ్రిడ్జ్‌స్టోన్‌తో కలిసి అప్పటి డిజైన్ టైర్లు కూడా మళ్లీ చేయించింది. ఒకప్పుడు పాడైన కారు నుంచి ఊడదీసిన పార్టు కోసం నెలలు వెతికిన నాకు, కంపెనీ ముద్రతో కొత్త డబ్బా చేతికొస్తే కలిగే ఆనందం మాటల్లో చెప్పలేను.

చెడ్డ వార్త మీ బిల్లులో ఇప్పటికే చూసి ఉంటారు. 800 డాలర్ల లోపు పార్సెల్‌కు అమెరికాలో ఉన్న సుంకం మినహాయింపును 2025 ఆగస్టు 29 నుంచి ఎత్తేశారు. ఇరవై డాలర్ల రబ్బరు ముక్కకు కూడా ఇప్పుడు సుంకం, కాగితాల ఖర్చు తోడవుతున్నాయి. అందుకని జపాన్ ఆర్డర్లు ఇకమీదట నెలకు ఒకసారి, అందరివీ కలిపి ఒకే పార్సెల్‌లో తెప్పిస్తాం. అసలు బిల్లు, సుంకం రసీదు మీకు చూపిస్తాం. కలిసొచ్చే ఖర్చును పార్టు విలువను బట్టి పంచుతాం. అర్జెంటుగా కావాలంటే విడిగా తెప్పిస్తాం, ఆ ఖర్చు మీదే.

లేబర్ రేటు గంటకు 125 నుంచి 140 డాలర్లు చేస్తున్నాం. అద్దె పెరిగింది, నాతో పనిచేసే ఇద్దరికీ జీతాలు పెంచాలి. పాత కారు ఓపికగా విప్పగల మనిషి దొరకడం కష్టం, దొరికినవాళ్లను నిలబెట్టుకోవాలి. శనివారం మీరే చేసుకునే పనికి మాత్రం గంటల లెక్క ఉండదు, పూటకు ఇంతని నామమాత్రంగా తీసుకుంటాం.

మాజ్దా ఆర్ఎక్స్-7 స్పోర్ట్స్ కారు ఉన్నవాళ్లకు ఒక మాట. దానిలో ఉండే, పిస్టన్ల బదులు రోటర్లు తిరిగే రోటరీ ఇంజిన్ లోపలి పని మేం ఇదివరకూ చేయలేదు, ఇకమీదటా చేయం. దానికి ప్రత్యేకంగా చేయి తిరిగినవాళ్లుండాలి. కానీ 1993-95 మోడళ్లలో ఇంజిన్ పాడవకముందే చేయాల్సిన పనులు మా దగ్గర చేయించుకోవచ్చు. కూలెంట్ వెళ్లే ప్లాస్టిక్ ట్యాంకును అల్యూమినియంది చేయడం, ఇన్‌టేక్ కింద ఎండిపోయిన వ్యాక్యూమ్ గొట్టాలన్నీ సిలికాన్‌వి వేయడం లాంటివి. ఆ ట్యాంకు పగిలి ఇంజిన్ వేడెక్కిందంటే సీళ్లు పోతాయి, తర్వాత వచ్చే బిల్లు చూడలేరు.

అన్నిటికంటే ముఖ్యమైన మార్పు ఏడాదికోసారి చెకప్. 25 ఏళ్లు దాటిన కారుకు ఇక్కడ ఎమిషన్ టెస్ట్ అక్కర్లేదు. పైగా 2025 జనవరి 1 నుంచి టెక్సస్‌లో సొంత వాహనాలకు ఏటా చేసే సేఫ్టీ ఇన్‌స్పెక్షన్‌ను తీసేశారు. జపాన్‌లో అయితే పాత కారును రెండేళ్లకోసారి షాకెన్ అనే ప్రభుత్వ తనిఖీకి పట్టుకెళ్లక తప్పదు. ఇక్కడ మీ కారు కిందకు ఎవరూ తొంగి చూడరు. మీరు చూడాలి, లేదా మేం చూడాలి. పెట్రోలు గొట్టాలు, ముఖ్యంగా ఇథనాల్ కలిపిన పెట్రోలుకు తట్టుకోని పాత రబ్బరువి, బ్రేక్ గొట్టాలు, బాల్ జాయింట్లు, టైరు తయారైన తేదీ. టైరు మీద అరుగుదల లేదని సంతోషించకండి, పదేళ్ల టైరు చూడ్డానికి బాగానే ఉంటుంది. బ్రేక్ ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది, కారు కదలకపోయినా రెండేళ్లకు మార్చాల్సిందే.

మొన్న ఒకాయన హైస్కూల్ చదివే కూతుర్ని తీసుకొచ్చి ఆ పనే చేశారు. ఆ అమ్మాయి సీట్లో కూర్చుని పెడల్ తొక్కుతుంటే ఈయన కింద పాత ఆయిలు బయటికి పోయే నిపుల్ వదులు చేశారు, తర్వాత ఇద్దరూ చోట్లు మార్చుకున్నారు. టీ రంగులో ఉన్న పాత ఆయిలు పోయి తేటగా వచ్చేసరికి "నాన్నా, ఇక చాలు, బిగించనా?" అని ఆ అమ్మాయే అడిగింది. శనివారాలు పెడుతున్నది ఇలాంటి వాళ్ల కోసమే.

పూర్తి రీస్టొరేషనే కావాలనుకునేవాళ్లను తప్పుపట్టను. తుప్పు ఫ్రేము దాకా పోయిన కారుకు వేరే దారి ఉండదు. నాకు నమ్మకమున్న షాపుల పేర్లు చెబుతాను, కారు అప్పగించే ముందు ఏమేం రాయించుకోవాలో కూడా కూర్చుని మాట్లాడుకుందాం. దానికి డబ్బులేమీ తీసుకోను.

శనివారం గ్యారేజ్ ఉదయం ఎనిమిదికి తెరుస్తాం. కార్బురేటర్లు సరిచేసుకునేవాళ్లు ఇంజిన్ బాగా వేడెక్కేలా కాస్త దూరం నడుపుకుంటూ రండి. వాల్వ్ క్లియరెన్స్ మాత్రం ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే చూస్తాం, ఆ పని ఉన్నవాళ్లు శుక్రవారం సాయంత్రమే కారు వదిలి వెళ్లండి. తాళం ఆఫీసు కిటికీ పక్కనున్న పెట్టెలో వేయండి, మీ పేరు, ఫోన్ నంబరు చీటీ మీద రాసి తాళానికి కట్టండి.