వార్షిక నివేదిక: షిన్ నొప్పులపై ఈ ఏడాది చేసిన పని

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన పరుగు సంఘం పనిలో ఎక్కువ భాగం షిన్ నొప్పి, అంటే మోకాలికీ చీలమండకూ మధ్య ముందు ఎముకలో వచ్చే నొప్పి, చుట్టూనే సాగింది. హైదరాబాద్ మారథాన్ ఆగస్టులో జరుగుతుంది. ఎండలు తగ్గాక జూన్‌లో బూట్లు కట్టుకున్నవారు రెండు నెలల్లో హాఫ్ మారథాన్ దూరం, 21 కిలోమీటర్లు, అందుకోవాలని చూస్తారు. ఊపిరి కొన్ని వారాల్లోనే అలవాటు పడుతుంది కానీ ఎముకకు అంత తొందర లేదు. కొత్త బరువు పడగానే అది ముందు పాత ఎముకను కొంత కరిగించి, ఆ తర్వాత కొత్తది పోసుకుంటుంది. దీనికి మూడు నాలుగు నెలలు కావాలి. సరిగ్గా ఎముక గుల్లబారిన వారాల్లోనే మనం దూరం పెంచుతాం, ఫ్లైఓవర్ల మీంచి దిగుతూ అడుగడుగునా బ్రేకు వేస్తాం.

ఆదివారం తరగతుల్లో అన్నిటికన్నా ఎక్కువ సమయం బొటనవేలి పరీక్షకే ఇచ్చాం. కూర్చుని, నొప్పి ఉన్న కాలి చీలమండను రెండో మోకాలి మీద పెట్టుకోవాలి. ఎముక లోపలి అంచు వెంట కింది నుంచి పైకి, రెండేసి సెంటీమీటర్లకు ఒకసారి చేతి బొటనవేలితో గట్టిగా నొక్కుతూ రావాలి. నొప్పి ఐదు సెంటీమీటర్లకు మించి, జానెడు మేర పరుచుకుని ఉంటే చాలావరకు షిన్ స్ప్లింట్స్, అంటే ఎముక ఇంకా పగలకుండా ఒత్తిడికి వచ్చే నొప్పి. రూపాయి బిళ్లంత చోట నొక్కగానే ప్రాణం పోయినట్టుంటే, రాత్రి పడుకున్నా సలుపుతుంటే స్ట్రెస్ ఫ్రాక్చర్ (పదేపదే పడిన ఒత్తిడికి ఎముకలో వచ్చే సన్నని పగులు) అనుకుని ఆ రోజే పరుగు ఆపాలి. మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేలో అది తరచూ కనిపించదు. ‘ఎక్స్‌రే బాగుంది’ అని మళ్లీ పరుగెత్తి పగులును పెద్దది చేసుకోవద్దు, ఎంఆర్‌ఐ అవసరమేమో డాక్టర్‌ను అడగండి. ఎముక ముందు అంచున, నడిమధ్యలో ఉన్న పగులు అతి మొండిది. ఇక పరుగెత్తిన కాసేపటికి కాలు తాడుతో బిగించినట్టయి, పాదం తిమ్మిరెక్కి, ఆగిన కొన్ని నిమిషాలకు తగ్గిపోతుంటే అది కండరాల అరల్లో ఒత్తిడి కావచ్చు. దానికి పరీక్ష వేరు.

షిన్ స్ప్లింట్స్ అని తేలితే పరుగు ఆపి సైకిల్‌కో ఈతకో మారాలి. గుడ్డలో చుట్టిన ఐసు 15 నిమిషాలు పెడితే ఉపశమనం ఉంటుంది. నొప్పి బిళ్ల వేసుకుని పరుగెత్తడం మాత్రం వద్దే వద్దు. ఎముక చేస్తున్న హెచ్చరిక అప్పుడు మనకు వినపడదు.

పిక్కల వ్యాయామంలో అందరూ ఒకే పొరపాటు చేస్తున్నారు. మోకాలు నిటారుగా పెట్టి మునివేళ్ల మీద లేస్తే పై పిక్కే ఎక్కువ పనిచేస్తుంది. ఎముకను పట్టుకుని ఉండే లోపలి కండరానికి మోకాలు కాస్త వంచి లేవాలి. రెండు రకాలూ మెట్టు అంచున 15 చొప్పున మూడేసి సార్లు, రోజు విడిచి రోజు చేయండి. దిగేటప్పుడు మూడు అంకెలు లెక్కపెట్టాలి.

నొక్కినా నొప్పి లేకుండా, 30 నిమిషాలు వడిగా నడవగలిగాక ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడకతో ఎనిమిది విడతలు మొదలుపెట్టండి. అడుగులు కాస్త చిన్నవి చేసి, నిమిషానికి వేసే అడుగుల సంఖ్యను 5 నుంచి 10 శాతం పెంచితే ఎముక మీద దెబ్బ తగ్గుతుంది. బూట్లు 500 నుంచి 800 కిలోమీటర్లకు మార్చాలి.

మహిళా సభ్యులతో విడిగా మాట్లాడాం. నెలసరి తప్పుతుంటే అది పరుగుకు అలవాటు పడటం కాదు, చాలాసార్లు తిండి చాలట్లేదని. అలాంటప్పుడు ఎముక త్వరగా పగులుతుంది. ముందు డాక్టర్‌కు చూపించుకుని, విటమిన్ డి కూడా పరీక్ష చేయించుకోవాలి.

జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం.

వచ్చే ఏడాది కొత్తవారి శిక్షణ ఏప్రిల్‌లోనే, తెల్లవారుజామున 5 గంటలకు మొదలవుతుంది. ప్రతి నాలుగో వారం దూరం తగ్గిస్తాం. బొటనవేలి పరీక్షలో ఒక్కచోటే నొప్పి తేలినవారిని డాక్టర్ చీటీ లేకుండా దూరపు పరుగుకు రానివ్వకూడదని కార్యవర్గం నిర్ణయించింది. వారు కట్టిన రుసుము తర్వాతి బ్యాచ్‌కు జమ అవుతుంది.