పీణ్యకు వచ్చే మన ఐటీఐ పిల్లల గురించి

సంపాదకులకు నమస్కారం.

మా ఊరు హిందూపురం దగ్గర. బెంగళూరులోని పీణ్య పారిశ్రామికవాడలో 14 మంది పనిచేసే చిన్న మెషిన్ షాపులో పదహారేళ్లుగా సూపర్‌వైజర్‌గా ఉన్నాను. ఐటీఐ పాసై అనంతపురం, చిత్తూరు వైపు నుంచి ఇక్కడికి పనికోసం వచ్చే మన పిల్లల గురించే ఈ ఉత్తరం.

పోయిన నెల ఒక అబ్బాయి వచ్చాడు. టర్నర్ ట్రేడ్ (లేత్ మెషిన్ పని), రెండేళ్ల కోర్సు, మార్కులు బాగానే ఉన్నాయి. డ్రాయింగ్‌లో సైజు 25 మిల్లీమీటర్లు, అటూ ఇటూ 0.02 దాకా పరవాలేదు, అంటే వెంట్రుక మందం కూడా లేని తేడాకే జాబ్, అంటే తయారుచేసిన ముక్క, రిజెక్ట్ అయిపోతుంది. సన్నని తేడాలు కొలిచే మైక్రోమీటర్ చేతికిచ్చి షాఫ్ట్ (గుండ్రటి కడ్డీ) కొలవమంటే, ఒత్తిడి ఎక్కువ కాకుండా చివర ఉండే ర్యాచెట్ తిప్పాలని తెలీక, థింబుల్ (తిరిగే గొట్టం) పట్టుకుని గట్టిగా బిగించేశాడు, మూడుసార్లు కొలిస్తే మూడు వేర్వేరు రీడింగులు వచ్చాయి. పాపం, చెమటలు పట్టేశాయి. వాళ్ల బ్యాచ్ మొత్తానికి ఒక్కటే మైక్రోమీటర్ అట, పరీక్ష రోజు తప్ప బీరువాలోంచి బయటికి రాదట. కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మెషిన్ ఉంది గానీ రిపేరులో ఉందని బోర్డు మీద బొమ్మ గీసి చెప్పారట. ఇందులో పిల్లాడి తప్పేముంది? మూడు వారాలు నా పక్కనే నిలబెట్టుకున్నాను, ఇప్పుడు ఆఫ్‌సెట్ (మెషిన్‌లో టూల్ కొలత సవరింపు) తనే సరిచేసుకుంటున్నాడు.

కొంతకాలం ఐటీఐలో, కొంతకాలం పరిశ్రమలో నేర్పే డ్యూయల్ ట్రైనింగ్ పద్ధతిని కేంద్రం 2016లోనే తెచ్చింది. అప్రెంటిస్ చట్టమైతే 1961 నుంచీ ఉంది, 30 మంది గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్నచోట అప్రెంటిస్‌లను (పని నేర్చుకునేవాళ్లను) తీసుకోవడం తప్పనిసరి, మాలాంటి చిన్న షాపులూ తీసుకోవచ్చు. కానీ చాలాచోట్ల ఆ పిల్లలతో నేల ఊడ్పించడం, ప్యాకింగ్ చేయించడం, బరువులు మోయించడం తప్ప మెషిన్ దగ్గరికి రానివ్వరు, ఇది మా వాళ్లు చేస్తున్న అన్యాయమే, దాచుకోవడానికి ఏమీ లేదు.

హిందూపురం పిల్లాడికి విజయవాడ కంటే పీణ్యే చాలా దగ్గర. మధ్యలో రాష్ట్రం సరిహద్దు ఉందని మన ఐటీఐలు ఇక్కడి షాపుల ముఖమే చూడకపోతే ఎలా? ప్రిన్సిపాళ్లు వచ్చి ఒప్పందాలు చేసుకోవాలి, పిల్లలకు స్టైపెండ్‌తో పాటు ఉండడానికి రూము చూడాలి, ఇన్‌స్ట్రక్టర్లు కూడా ఏటా ఒక పదిహేను రోజులు ఇక్కడ మెషిన్ మీద పనిచేసి వెళ్లాలి. ఏటా ఇద్దరు పిల్లల్ని తీసుకోవడానికి మా ఓనర్ ఒప్పుకున్నారు. ఏ ఐటీఐ వాళ్లు వచ్చినా సరే, ఆదివారమైనా షాపు తీసి దగ్గరుండి అన్నీ చూపిస్తాను.

– ఒక పాఠకుడు, పీణ్య, బెంగళూరు