పాత రూట్ల జ్ఞాపకాలు రాస్తున్న పెద్దలకు మనవి

సభ్యులందరికీ నమస్కారం. చెన్నై సిటీ బస్సుల్లో పనిచేసి విరమించిన మన తెలుగు డ్రైవర్లు, కండక్టర్లు ఇక్కడ పంచుకుంటున్న పాత రూట్ల సంగతులు ఎంతో విలువైనవే గానీ, వాటిలో చాలావరకు ఏ కాలానివో తెలియడం లేదు. తేదీలు అక్కర్లేదు, 1972లో సిటీ బస్సులు నడిపే పల్లవన్ రవాణా సంస్థ ఏర్పడక ముందా, 1994లో ఉత్తర చెన్నైకి అంబేడ్కర్ రవాణా సంస్థ విడిగా వచ్చాకా, 2002లో కోయంబేడు బస్టాండు తెరిచి బయటూళ్ల బస్సులు బ్రాడ్వే బస్టాండు వదిలాకా అన్నది చెబితే చాలు.

రూటు నంబరు పక్కనున్న అక్షరాన్ని దయచేసి వదలకండి: పెరంబూరు నుంచి బెసంట్ నగర్ వెళ్లే 29సీని ఒట్టి 29 అంటే దారే మారిపోతుంది. కట్ సర్వీసయితే (చివరిదాకా పోకుండా మధ్యలోనే ఆగిపోయే బస్సు) ఎక్కడి వరకు వెళ్లేదో కూడా రాయండి.

తాంబరం 18ఏ డబుల్ డెక్కర్ గురించి ఇప్పటికే బోలెడు రాశారు (మేడమీద ముందు సీటు కోసం జరిగిన తగాదాలతో సహా). కండక్టరు తన సీట్లోనే కూర్చుని ఉండగా, ప్రయాణికుల చేతులు మారుతూ డబ్బులు వచ్చి, టిక్కెట్టూ చిల్లరా అదే వరసలో తిరిగి వెళ్లే మన చెన్నై పద్ధతి గురించి మాత్రం ఎవరూ రాయలేదు. ఆ రద్దీలో ఎవరి చిల్లర ఎవరిదో ఎలా గుర్తుపెట్టుకునేవారో మీరే చెప్పాలి. టైపు చేయడం కష్టమైతే వాయిస్ మెసేజ్ పెట్టండి, నేను రాసిపెడతాను.