ఆదివారం కంబాలకొండ నడక

అందరికీ నమస్తే. ఈ ఆదివారం మన నడక విశాఖ కంబాలకొండ అడవిలో. పొద్దున్న 6 గంటలకల్లా హనుమంతవాక జంక్షన్‌లో ఉండండి. 6:15 దాటితే ఎవరి కోసమూ ఆగం, ఏమీ అనుకోవద్దు.

గైడ్ గారు ముందు నడుస్తారు, ఆయన్ని దాటి ఎవరూ వెళ్లొద్దు. కంబాలకొండ సుమారు 71 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం, చిరుతలు కూడా ఉన్నాయి. కనిపించడం అరుదే, టెన్షన్ వద్దు. బ్లూటూత్ స్పీకర్లు మాత్రం ఇంట్లోనే వదిలేయండి, మీ పాటలు అడవికి అక్కర్లేదు!

చెప్పులతో రావొద్దు. ఎండుటాకుల కింద గులకరాళ్లు జారతాయి, గ్రిప్ ఉన్న బూట్లే వేసుకోండి. రెండు లీటర్ల నీళ్లు, టోపీ, మధ్యాహ్నానికి పులిహోరో పెరుగన్నమో స్టీలు డబ్బాలో. ప్లాస్టిక్ కవర్లు వద్దు. ఉక్కపోత ఎలాగూ తప్పదు, ఉప్పేసిన మజ్జిగ ఉంటే హాయి.

వచ్చేవాళ్లు శుక్రవారం రాత్రిలోగా పేరు, బండి ఉందో లేదో ఇక్కడే పెట్టండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు నాకు విడిగా చెప్పండి.