గుమ్మడి పొదా, తీగా? విత్తనాల ప్యాకెట్ మీద రాయండి

సంపాదకులు గారికి నమస్కారం.

మా మిద్దె మీద మొక్కలకు దొరికేది రెండు మంచాలు పట్టేంత జాగా. రెండేళ్ళ కింద బటర్‌నట్ అనే, సొరకాయ ఆకారంలో ఉండే చిన్న గుమ్మడి విత్తనాలు కొన్నాను. ప్యాకెట్ మీద కాయ బొమ్మ ఉంది గానీ తీగ సాగుతుందో, పొదగా ఉంటుందో ఒక్క ముక్క లేదు. రెండు నెలలు తిరక్కముందే తీగ పిట్టగోడ దాటి కింది ఫ్లాట్ వాళ్ళ ఏసీ పైపుల మీదికి దిగింది, వాళ్ళు మొహమాటపడుతూనే తీసేయమన్నారు, పూత మీదున్న దాన్ని నా చేత్తో నేనే కోసేశాను. ఆ పూట అన్నం సయించలేదు.

బటర్‌నట్‌లోనే పొద రకాలు ఉన్నాయని తర్వాతే తెలిసింది. బటర్‌బుష్ అనే రకం మూడు నాలుగడుగుల్లోనే సర్దుకుంటుంది, ఒక్కో కాయ కిలో లోపే. హుద్‌హుద్ తుపాను వచ్చింది 2014 అక్టోబర్ 12న, అప్పట్నుంచీ ఆ గాలుల భయంతో నేను కార్తీకం దాకా ఏ గింజా నాటను. పోయినేడు పెద్ద సిమెంటు తొట్టిలో ఈ రకం ఒక్క మొక్క పెట్టాను. మా అంతస్తు దాకా తేనెటీగలు పెద్దగా రావు, అందుకే పొద్దున్నే మగపువ్వు తెంపి, అడుగున చిన్న పిందె ఉన్న ఆడపువ్వులకు పుప్పొడి నేనే అద్దేదాన్ని. ఎండెక్కితే పువ్వు ముడుచుకుపోతుంది, ఇక లాభం లేదు. తొక్క లేత గోధుమరంగుకు తిరిగి గోరు దిగనంత గట్టిపడ్డాక కోశాను, నాలుగు కాయలు. ఇదీ మన తీపి గుమ్మడి జాతిదే, బెల్లం వేసి పులుసు పెడితే మా ఇంట్లో తేడా అడిగినవాళ్ళు లేరు. పెద్ద గుమ్మడి కోస్తే సగం ఫ్రిజ్‌లో పాడవుతుంది, ఇది నలుగురికి ఒక పూట.

ఒక్క జాగ్రత్త. దగ్గర్లో నాటు గుమ్మడి పూస్తుంటే దాని పుప్పొడి కలుస్తుంది, అలాంటి కాయ గింజలు దాచుకుంటే మళ్ళీ తీగే సాగొచ్చు. అందుకే మంచి విత్తనం కొనుక్కోక తప్పదు.

విశాఖలో అపార్ట్‌మెంట్ల మీద తోటలు పెంచేవాళ్ళు చాలామందే ఉన్నారు. మాకు ఎకరానికి సరిపడా విత్తనం అక్కర్లేదు, పది గింజల ప్యాకెట్ చాలు. దాని మీద ‘పొద రకం’ అనో ‘తీగ రకం’ అనో తెలుగులో రాసి, రైతుబజార్లలో ఉద్యానశాఖ వాళ్ళు అమ్మే ఏర్పాటు చేయాలని మీ పత్రిక ద్వారా అడుగుతున్నాను. నాటేది కార్తీకంలో కాబట్టి దసరా నాటికి వస్తే మేలు.

– ఒక మిద్దెతోట గృహిణి, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం