వెన్ను శస్త్రచికిత్స తర్వాత హమాలీకి మూడు నెలల భృతి, తేలిక పని కావాలి

సంపాదకులకు,

అయ్యా,

మార్కెట్ యార్డుల్లో, గోదాముల్లో, కోల్డ్ స్టోరేజీల్లో బస్తాలు మోసి బతికే హమాలీలకు నడుము శస్త్రచికిత్స ఇప్పుడు అందని మానిపండు కాదు. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ మొదలైన తర్వాత పేద కుటుంబాలు అప్పు చేయకుండానే పెద్దాసుపత్రుల్లో ఇలాంటి చికిత్సలు చేయించుకోగలుగుతున్నాయి. అందుకు ప్రభుత్వాలను అభినందించాల్సిందే. అయితే ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన రోజు మొదలు మళ్లీ బస్తా భుజానికెత్తే రోజు దాకా ఆ మనిషి ఏం తిని బతకాలి, ఏ పని చేయవచ్చు, ఏది చేయకూడదు అన్న సంగతి మాత్రం ఎవరికీ పట్టడం లేదు. గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు గుమాస్తాగా చాలా ఏళ్లుగా హమాలీల కూలి లెక్కలు రాస్తున్నవాడిగా, అదే యార్డులో మోత పని చేసే అన్నయ్యకు తమ్ముడిగా ఈ విషయాన్ని మీ పత్రిక ద్వారా ప్రభుత్వం దృష్టికి, మార్కెట్ కమిటీల దృష్టికి తేవాలనుకుంటున్నాను.

మా యార్డులో మిర్చి టిక్కీ, అంటే బస్తా, 40 కిలోలకు తక్కువ తూగదు. సీజన్ ముమ్మరంగా ఉన్నప్పుడు ఒక్కోరోజు లక్షకు పైగా టిక్కీలు వస్తాయి. వాటిలో ప్రతి ఒక్కటీ లారీ దిగాలన్నా, కాటా ఎక్కాలన్నా, నెట్టులో (బస్తాల దొంతరలో) చేరాలన్నా, తిరిగి లారీ ఎక్కాలన్నా ఒక మనిషి వీపే ఆధారం. నిటారుగా నడుస్తూ మోసే బరువు కన్నా, వంగి బస్తాను లేపి అదే ఊపులో నడుము తిప్పి నెట్టు మీదికి వేసే కదలికే వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే డిస్కుకు ఎక్కువ చేటు చేస్తుందని వైద్యులు చెబుతారు. నడుము కింది భాగంలో ఎల్4-ఎల్5, ఎల్5-ఎస్1 అని వాళ్లు పిలిచే రెండు చోట్లనే చాలావరకు డిస్కు జారుతుంది. జారిన భాగం నరాన్ని నొక్కితే పిరుదు నుంచి పాదం దాకా కరెంటు షాకు కొట్టినట్టు లాగుతుంది. ఇలాంటి వారిలో ఎక్కువ మందికి మందులతో, వ్యాయామంతో ఆరు నుంచి పన్నెండు వారాల్లో నొప్పి తగ్గుముఖం పడుతుంది, శస్త్రచికిత్స అవసరం రాదు. పాదం పైకి లేవకపోయినా, మూత్రం మీద అదుపు తప్పినా మాత్రం ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకూడదు. నడుము ఆపరేషన్ అంటే మంచాన పడటమేనన్న భయంతో, కాలు ఈడ్చుకుంటూ నడిచే స్థితి వచ్చేదాకా నొప్పి బిళ్లలతో నెట్టుకొచ్చే హమాలీలు మా యార్డులో ఇప్పటికీ ఉన్నారు. చికిత్స తర్వాత పనికి తిరిగి రావడానికి ఒక పద్ధతి ఏర్పడితే ఆ భయం కూడా చాలావరకు పోతుంది.

శస్త్రచికిత్సలో నరాన్ని నొక్కుతున్న డిస్కు ముక్కను తీసివేస్తారు. చాలామందికి కాలి లాగుడు కొద్ది రోజుల్లోనే తగ్గిపోతుంది, మర్నాడే లేపి నడిపిస్తారు, చర్మం మీది గాటు రెండు వారాల్లో మానుతుంది. దీంతో అంతా బాగైపోయిందని మనిషీ అనుకుంటాడు, ఇంట్లోవాళ్లూ అనుకుంటారు. కానీ డిస్కు చుట్టూ ఉండే గట్టి వలయంలో ఏర్పడిన చిల్లు అంత త్వరగా పూడదు. అక్కడికి రక్తప్రసరణ తక్కువ కాబట్టి మచ్చ కట్టడానికి వారాలు, నెలలు పడుతుంది. ఈలోగా వంగి బరువు ఎత్తితే మిగిలిన డిస్కు మళ్లీ అదే దారిన బయటికి రావచ్చు. అందుకే మొదటి ఆరు వారాల పాటు వంగడం, నడుము తిప్పడం, బరువులెత్తడం వద్దంటారు. కుర్చీలో కూర్చుని చేసే పనికి నెల, నెలన్నరలో వెళ్లనిచ్చే వైద్యులు కూడా మోత పనికి సాధారణంగా మూడు నెలలు ఆగమంటారు. రాడ్లు, స్క్రూలు వేసి ఎముకలను కలిపే శస్త్రచికిత్స అయితే ఆ అతుకు గట్టిపడటానికి మూడు నుంచి ఆరు నెలలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. బీడీ, సిగరెట్టు మానకపోతే ఇంకా ఆలస్యమవుతుంది. అలాగని మూడు నెలలూ మంచం మీద పడుకోవడం కూడా తప్పే. రోజూ కొంచెం కొంచెంగా నడక పెంచుకుంటూ, ఫిజియోథెరపిస్టు నేర్పిన పొట్ట, వీపు కండరాల వ్యాయామాలు చేస్తూ, ఖాళీ బిందె మొదలుకొని బరువును క్రమంగా పెంచుకుంటూ పోతేనే నడుము మళ్లీ మోతకు సిద్ధమవుతుంది.

మా అన్నయ్యకు శస్త్రచికిత్స జరిగింది సరిగ్గా సీజన్ మొదట్లో. డిశ్చార్జి కాగితంలో ఇంగ్లీషులో ‘అధిక బరువులు ఎత్తరాదు’ అని ఒక్క ముక్క రాసి ఇచ్చారు. ఎన్ని కిలోలు అధికమో, ఎన్నాళ్లు ఎత్తకూడదో అందులో లేదు. రోజూ వందల బస్తాలు మోసే మనిషి దృష్టిలో బియ్యం బస్తా బరువే గానీ, నీళ్ల బిందె బరువు కాదు కదా! ఇంటికి రాగానే పప్పు తింటే చీము పడుతుందని చుట్టాలు చెప్పడంతో పప్పు, గుడ్డు మానిపించి చారన్నం పెట్టారు. గాయం మానడానికి, తగ్గిన కండ తిరిగి రావడానికి మాంసకృత్తులు కావలసిన సమయంలోనే వాటిని దూరం చేయడం ఎంత నష్టమో ఆసుపత్రిలో ఎవరైనా రెండు నిమిషాలు కూర్చోబెట్టి చెప్పి ఉంటే మా వదిన తప్పక వినేది. ఆరో వారం వచ్చేసరికి ఇంట్లో సరుకులు నిండుకున్నాయి, పిల్లల ఫీజు గడువు దాటింది, అన్నయ్యతో కలిసి మోసే హమాలీల ముఠాకు చేతినిండా పని ఉంది. అన్నయ్య వెళ్లి బస్తా ఎత్తాడు. పది రోజులు తిరక్కముందే కాలు మళ్లీ లాగడం మొదలైంది, స్కానింగులో అదే డిస్కు మళ్లీ జారినట్టు తేలింది. ప్రభుత్వం ఖర్చు పెట్టి చేయించిన చికిత్స ఇంటి ఖర్చుకు డబ్బు లేనందువల్ల ఇలా వృథా కావడం ఎంతవరకు సబబు?

ఈ అవసరాన్ని ప్రభుత్వం గుర్తించలేదని అనలేం. ఆంధ్రప్రదేశ్‌లో 2019 డిసెంబరులో ‘ఆరోగ్య ఆసరా’ పేరుతో శస్త్రచికిత్స తర్వాత కోలుకునే కాలానికి రోజుకు 225 రూపాయల చొప్పున, నెలకు గరిష్ఠంగా 5,000 రూపాయల భృతి ప్రవేశపెట్టారు. పథకాల పేర్లు మారవచ్చు, ప్రభుత్వాలు మారవచ్చు, కానీ ఆ ఆలోచన మంచిది. దాన్ని రెండు రాష్ట్రాల్లోనూ స్థిరంగా అమలు చేసి, రోజుల సంఖ్యను శస్త్రచికిత్స పేరును బట్టి మాత్రమే కాక రోగి చేసే పనిని బట్టి కూడా నిర్ణయించాలి. ఒకే శస్త్రచికిత్స చేయించుకున్న గుమాస్తాకు, హమాలీకి ఒకే లెక్క వర్తించదు. నాకు నెల విశ్రాంతి సరిపోవచ్చు, మా అన్నయ్యకు మూడు నెలలు తప్పనిసరి. ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) పరిధిలోని కార్మికుడు జబ్బుపడితే ఏడాదిలో 91 రోజుల దాకా వేతనంలో 70 శాతం అందుతుంది. డిస్కు జారడం అందులోని దీర్ఘకాలిక జబ్బుల జాబితాలో ఉంది కాబట్టి అర్హత ఉన్నవారికి 80 శాతం చొప్పున ఇంకా ఎక్కువ కాలం ఇస్తారు. బస్తాకు ఇంత అని కూలి తీసుకుంటూ, రోజుకో వ్యాపారి సరుకు మోసే హమాలీకి యజమాని ఎవరో తేలదు గనుక ఈ రక్షణ అతని గడప తొక్కదు. మహారాష్ట్రలో 1969 నాటి మాథాడీ (హమాలీల) చట్టం ఈ చిక్కును ఎప్పుడో విడదీసింది. అక్కడ సరుకు ఎవరిదైనా, కూలితో పాటు కొంత సొమ్మును వ్యాపారి ఆ చట్టం కింద ఏర్పడిన బోర్డుకు జమ చేస్తే, బోర్డు దాన్నుంచి భవిష్యనిధి, వైద్యం వంటి సదుపాయాలు చూస్తుంది. మన యార్డుల్లో ప్రతి లాటుకూ చీటీ ఉంటుంది, హమాలీ చార్జీ విడిగా రాస్తాం. లెక్క రాసేవాడిగా చెబుతున్నాను, ఇలాంటి వసూలు మన దగ్గర అసాధ్యం కాదు.

డబ్బు ఒక్కటే చాలదు, తేలిక పని కూడా కావాలి. రెండోసారి కోలుకున్నాక మా అన్నయ్యకు ముఠావాళ్లే దారి చూపారు. బస్తాల మీద రంగుతో లాటు నంబర్లు వేయడం, మూతులు కుట్టడం అప్పగించి సగం వాటా ఇచ్చారు. ఫిజియోథెరపిస్టు చెప్పినట్టు రెండు టిక్కీలు ఒకదానిపై ఒకటి వేసుకుని, వాటి మీద నిటారుగా కూర్చుని, కుట్టాల్సిన బస్తాను మోకాళ్ల ఎత్తుకు పెట్టించుకుని దబ్బనం, పురికొసతో కుట్టేవాడు. అరగంటకోసారి లేచి షెడ్డు చివరిదాకా నడిచి వచ్చేవాడు. నెల గడిచాక ఖాళీ గోతాల కట్టలు, ఆ తర్వాత ఇద్దరు పట్టే బస్తాకు ఒక చివర పట్టడం, అలా అలా తిరిగి మోతకు వచ్చాడు. నెట్టు మీదికి వేసే పని మాత్రం ఇప్పటికీ ముఠా అతనికి ఇవ్వదు. ఇదంతా తోటివాళ్ల మంచితనం వల్ల జరిగింది. ముఠాను నడిపే మేస్త్రీ మంచివాడు కాకపోతే ఆ అదృష్టం ఉండదు. కాబట్టి కాటా దగ్గర, కుట్టు దగ్గర, చీటీల దగ్గర కొన్ని పనులను శస్త్రచికిత్స నుంచి కోలుకుంటున్నవారికే మూడు నెలల పాటు ఇచ్చేలా మార్కెట్ కమిటీ నిబంధన పెట్టాలి. మిగతా సగం వాటాను మార్కెట్ ఫీజు ఆదాయం నుంచి భర్తీ చేయాలి.

ఆసుపత్రులు కూడా డిశ్చార్జి కాగితాన్ని తెలుగులో ఇవ్వాలి. అందులో ఏ వారంలో ఎన్ని కిలోల వరకు ఎత్తవచ్చు, వ్యాయామాలు ఏవి, తిండి ఏమిటి, మోత పనికి ఏ తేదీ తర్వాత వెళ్లాలి అన్నవి స్పష్టంగా రాయాలి. తేదీ వేసిన ఆ కాగితం చేతిలో ఉంటే హమాలీ మేస్త్రీని ధైర్యంగా అడగగలుగుతాడు, భృతి ఇచ్చే అధికారికీ లెక్క సులువవుతుంది. కొత్త మిర్చి రాక పుంజుకోకముందే గుంటూరు, ఖమ్మం, వరంగల్ యార్డుల కమిటీలు హమాలీ సంఘాలను, వైద్యులను పిలిపించి దీనిపై ఒక నిర్ణయానికి రావాలని కోరుతున్నాను.

ఇట్లు,
కమీషన్ కొట్టు గుమాస్తా,
గుంటూరు