ఉదయగిరి బస్సు కండక్టర్ అన్నకి

మా అబ్బాయి ఇంటికొచ్చాడు. పక్క గదిలో నిద్రపోతున్నాడు. ఫోన్లు చేసినవాళ్ళకీ, మెసేజ్‌లు పెట్టినవాళ్ళకీ ముందు ఆ మాట చెప్పాలి. ఒక్కొక్కరికీ జవాబిచ్చే ఓపిక ఇప్పుడు లేదు, ఏమీ అనుకోవద్దు.

వాడు నెల్లూరులో హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. సాయంత్రం స్టడీ అవర్‌కి ముందు బయటికొచ్చి, బస్టాండులో మొదట కనపడిన ఉదయగిరి బస్సెక్కేశాడు. మాది కావలి. ఉదయగిరిలో మాకు చుట్టాలు కూడా లేరు. ఆత్మకూరులో బస్సు సగం ఖాళీ అయినా కిటికీ పక్కనుంచి కదల్లేదంట. కండక్టర్ అన్న చూసి, "ఎవరింటికి నాయనా?" అన్నారు. వీడు పలకలేదు. ఆయన రెండోసారి అడగలేదు.

ఉదయగిరిలో బస్సు ఆగాక టికెట్లు కొట్టే టిమ్ మిషనూ, క్యాష్ బ్యాగూ పక్కన పెట్టి, "ముందు అన్నం తిందాం రా" అని మెస్‌కి తీసుకెళ్ళారు. డ్యూటీ దిగిన మనిషి, పొద్దున్నే మళ్ళీ మొదటి ట్రిప్పుకి లేవాలి. అయినా నడుం వాల్చకుండా బస్సులోనే వాడి పక్కన కూర్చున్నారు. ఎదురుగా కాదు, పక్కన. ఎందుకొచ్చావనీ, మీ అమ్మానాన్న ఏమైపోవాలనీ అనలేదు. మా కాలంలో అని మొదలుపెట్టలేదు. వాడు ఒక మాట చెప్పి ఆగితే, "సెక్షన్ మార్చారా?" అని వాడి మాటే మళ్ళీ వాడికి అప్పజెప్పి ఊరుకునేవారంట. అలా ఊరుకుంటే వీడు ఇంకొంచెం చెప్పేవాడు. మాతో ముక్తసరిగా "ఆ", "ఊ" అనే పిల్లవాడు ఆయనతో అర్ధరాత్రి దాకా మాట్లాడాడు.

ఫోన్ నంబరు కోసం కూడా బలవంతం చేయలేదు. "అమ్మకి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?" అని అడిగారంట. ఆ ఒక్క ప్రశ్న తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఏడుపు ఆగడం లేదు. "మీరే చెప్పండి" అన్నాడు వీడు. నంబరు ఇవ్వకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చేద్దామనుకున్నానని ఆయన తర్వాత నాతో అన్నారు.

మేము వింజమూరు మీదుగా కారులో వెళ్ళేసరికి బస్సు మెట్ల దగ్గరే నిలబడి ఉన్నారు. నన్ను పక్కకి పిలిచి, "అమ్మా, ఇప్పుడేమీ అడగొద్దు. వాడే చెప్తాడు. చెప్పేది అయిపోయేదాకా మధ్యలో సమాధానం చెప్పొద్దు, ధైర్యం కూడా చెప్పొద్దు" అన్నారు. తిరుగు దారిలో చీకట్లో, వెనక సీట్లోంచి, వీడే మొదలుపెట్టాడు. ఏం చెప్పాడో ఇక్కడ రాయను, అది వాడి సొంతం. ఈ మాత్రం రాయడానికి కూడా వాడిని అడిగాను, సరే అన్నాడు.

అన్నా, పేరు పెట్టొద్దన్నారు, పెట్టలేదు. డబ్బులు తీసుకోలేదు. మీ రుణం ఎలా తీర్చుకోవాలో మాకు తెలియడం లేదు.

ఒక మాట మాత్రం దాచుకోలేను. మా కాలేజీ నుంచి వీక్లీ టెస్ట్ మార్కులు ఏ వారమూ తప్పకుండా ఫోనుకి వస్తాయి. పిల్లవాడు హాస్టల్లో లేడన్న కబురు మాత్రం వాడి రూమ్మేట్ చెప్తే తెలిసింది. ఆదివారం ఫోన్ అంటే ఐదు నిమిషాలు, పక్కన వార్డెన్, వెనక క్యూ. ఆ ఐదు నిమిషాల్లో ఏ బిడ్డ మనసు విప్పుతాడు? వందమంది, అంతకు పైన విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలని సుప్రీంకోర్టు 2025 జులైలో చెప్పింది. విశాఖలో నీట్‌కి చదువుతూ చనిపోయిన అమ్మాయి కేసులో వచ్చిన తీర్పు అది. అంటే మన రాష్ట్రానికి చదువుకోవడానికి వచ్చిన బిడ్డ ప్రాణం పోయాక వచ్చింది. హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్ళలో కనపడేలా పెట్టాలని కూడా అందులోనే ఉంది. మావాడి హాస్టల్ గోడల మీద ర్యాంకుల ఫ్లెక్సీలు తప్ప నేను ఇంకేమీ చూడలేదు. కౌన్సెలర్ ఎవరని అడిగితే ఆఫీసులో ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అక్కడ పిల్లలున్న తల్లిదండ్రులందరూ ఈ ప్రశ్న అడగండి, మీ కాళ్ళు పట్టుకుంటాను.

మా ఆయన, మా అన్నయ్య, వదిన రాత్రంతా తిరిగారు. వాళ్ళకి నేను వేరే చెప్పాలా.

మర్చిపోయాను, ఆ రూమ్మేట్ బాబుకి, తిట్లు పడతాయని తెలిసీ నాకు ఫోన్ చేసినందుకు, వెయ్యి దండాలు. మనసు బాగోలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్, 14416కి చేస్తే తెలుగులో ఓపిగ్గా మాట్లాడిన అమ్మాయికి కూడా. అది డబ్బులు కట్టే నంబరు కాదు, రాత్రీ పగలూ పలుకుతారు, రాసిపెట్టుకోండి. తన దుప్పటి వాడికి కప్పిన డ్రైవర్ గారికి. మా అత్తయ్యకి తోడు పడుకున్న ఎదురింటి అక్కకి. కట్టేసిన పొయ్యి మళ్ళీ వెలిగించి గుడ్డట్టు వేసిచ్చిన మెస్ అమ్మకి. అమ్మా, మీకు మేము డబ్బులిచ్చామో లేదో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. ఇవ్వకపోతే కండక్టర్ అన్నతో కబురు పంపండి.